చివరి ఏడాది జీతం మీద తేలిన బేరం: ఒక యువ హాకీ స్టార్ రెండో కాంట్రాక్టు

ఇది ఐస్ హాకీ సంగతి, ఉత్తర అమెరికాలోని పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌ది. 2024 వేసవిలో నడిచిన బేరం. ఆటగాడి తరఫున బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల వైపు నుంచి రాస్తున్నాను. మనిషెవరో, జట్టేదో పోల్చుకోవడానికి వీల్లేకుండా అతని పాయింట్లు, తేదీలు, మొత్తాలు కొంచెం మార్చాను. నిబంధనలూ, పేరు పెట్టి చెప్పిన ఇతర ఆటగాళ్ల కాంట్రాక్టులూ అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని మార్చలేదు.

నేపథ్యం

ఐపీఎల్ వేలంలో 22 ఏళ్ల కుర్రాడి ధర రెండు నిమిషాల్లో అందరి ముందూ తేలిపోతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలా కుదరదు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఎంచుకున్న జట్టుకే అతని మీద హక్కు. అతనికి 27 ఏళ్లు నిండాలి, లేదా లెక్కలోకి వచ్చే సీజన్లు ఏడు పూర్తవ్వాలి. అప్పటిదాకా పూర్తి స్వేచ్ఛ రాదు. ఈ లోపు కాంట్రాక్టు అయిపోయినవాణ్ణి ఆర్‌ఎఫ్‌ఏ అంటారు. రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్, అంటే పేరుకు ఫ్రీ ఏజెంటే కానీ కాలికి తాడు ఉంటుంది.

మన ఆటగాడు ఫార్వర్డ్, మొదటి రౌండ్ ఎంపిక. మూడేళ్ల ఎంట్రీ లెవెల్ (తొలి) కాంట్రాక్టు, ఏడాదికి 9.25 లక్షల డాలర్లు. అతను డ్రాఫ్ట్ అయిన ఏటికి అదే గరిష్ఠం. మూడు సీజన్లలో 29, 47, 64 పాయింట్లు (గోల్సూ, గోల్‌కు అందించిన పాసులూ కలిపి). 2024 జూన్ 30 నాటికి వయసు 22, చేతిలో మూడు సీజన్లు.

హక్కు నిలుపుకోవాలంటే జట్టు క్వాలిఫైయింగ్ ఆఫర్, అంటే ఒక ఏడాదికి కనీస ఆఫర్, ఇచ్చి తీరాలి. ఇచ్చింది: 8,74,125 డాలర్లు. 64 పాయింట్ల ఆటగాడికి పాత జీతం కంటే తక్కువ! అవమానించడానికి ఇచ్చింది కాదది, సూత్రం ప్రకారం వచ్చిన అంకె. పాత 9.25 లక్షల్లో 92,500 సైనింగ్ బోనస్, మూల జీతం 8,32,500. ఆఫర్‌ను మూల జీతం మీదే కడతారు, బోనస్ లెక్కలోకి రాదు. ఈ జీతశ్రేణికి 105 శాతం. ఈ చిన్న మెలికను గుర్తుపెట్టుకోండి, చివర్లో బేరం దీని మీదే తిరిగింది.

సమస్య

జట్టు మొదటి మాట 8 ఏళ్లు, ఏడాదికి సగటున 67.5 లక్షల డాలర్లు, మొత్తం 5.4 కోట్లు. మా మాట 8 ఏళ్లు, 79 లక్షలు, మొత్తం 6.32 కోట్లు. ఏడాదికి తేడా 11.5 లక్షలు.

అతని చేతిలో ముక్కలు తక్కువ. 18 నుంచి 20 ఏళ్ల మధ్య మొదటి కాంట్రాక్టు చేసినవాడికి ఆర్బిట్రేషన్ హక్కు రావాలంటే నాలుగేళ్ల ప్రొఫెషనల్ అనుభవం కావాలి. ఇతనికి మూడే. మూడో మనిషి దగ్గర తీర్పు అడిగే దారి మూసుకుపోయింది. ఇక మిగిలినవి రెండు: వేరే జట్టు నుంచి ఆఫర్ షీట్ తెచ్చుకోవడం, లేదా సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చోవడం. డిసెంబరు 1 సాయంత్రం 5 గంటలలోపు సంతకం కాకపోతే ఆ సీజన్‌లో ఇక ఆడే వీల్లేదు.

ఎన్నేళ్లకు అన్నది కూడా ఎంతకు అన్నంత పెద్ద ప్రశ్న. చేతిలో మూడు సీజన్లున్నాయి, ఇంకో నాలుగైతే ఏడు. నాలుగేళ్ల కాంట్రాక్టు చేస్తే 26వ ఏట నేరుగా స్వేచ్ఛలోకి నడిచిపోతాడు, కాబట్టి జట్టు దానికి ఒప్పుకోదు. మూడేళ్లకైతే చివర్లో ఇంకో ఏడాది తాడు మిగులుతుంది. ఎనిమిదేళ్లంటే నాలుగు తాడు ఉన్న ఏళ్లు, నాలుగు స్వేచ్ఛా సంవత్సరాలు. ఆ రెండో నాలుగేళ్లను జట్టు ఇప్పుడే కొనేస్తోందన్నమాట. అవి చవగ్గా పోకూడదన్నది మా మొదటి పట్టు.

ప్రయత్నం ఒకటి: పోలికలు

జూలై అంతా పోలికలతోనే గడిచింది. మేం కోల్ కాఫీల్డ్‌ను చూపించాం: 2023 జూన్‌లో మాంట్రియల్‌తో 8 ఏళ్లు, 78.5 లక్షలు. జట్టు మ్యాట్ బోల్డీని చూపించింది: 2023 జనవరిలో మిన్నెసోటాతో 7 ఏళ్లు, 70 లక్షలు.

డాలర్లను డాలర్లతో పోలిస్తే మోసపోతాం, సాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) మారుతూ ఉంటుంది కాబట్టి. రెండు కాంట్రాక్టులూ మొదలైన 2023–24లో క్యాప్ 8.35 కోట్లు. దాంట్లో కాఫీల్డ్‌ది 9.4 శాతం, బోల్డీది 8.38 శాతం. 2024–25 క్యాప్ 8.8 కోట్లు. ఆ శాతాలనే ఇక్కడికి తెస్తే కాఫీల్డ్ 82.7 లక్షలు, బోల్డీ 73.8 లక్షలు. అంటే జట్టు తన వాదనకు తెచ్చుకున్న సాక్షి కూడా 67.5 కంటే ఆరు లక్షలు ఎక్కువే చెబుతున్నాడు.

వాదనలో గెలిచాం. అంకె కదలలేదు. జనరల్ మేనేజర్ మా పట్టికను ఒప్పుకున్నాడు, పొగిడాడు కూడా, మళ్లీ 67.5 దగ్గరికే వచ్చాడు. అక్కడే మాకు అనుమానం రావాల్సింది. తప్పని ఒప్పుకున్న అంకెను మనిషి వదలడం లేదంటే అది వాదన నుంచి పుట్టిన అంకె కాదు. మూడు వారాలపాటు ఇంకా మంచి పోలికలు వెతుకుతూ కూర్చున్నాం. ఈ కేసులో మా పెద్ద తప్పు ఇదే.

ప్రయత్నం రెండు: ఆఫర్ షీట్

వేరే జట్టు ఆఫర్ షీట్ ఇస్తే పాత జట్టుకు ఏడు రోజుల గడువు. అదే మొత్తానికి తనే ఉంచుకోవచ్చు, లేదా వదిలేసి పరిహారంగా డ్రాఫ్ట్ పిక్‌లు (రాబోయే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు) పుచ్చుకోవచ్చు. 2024 పట్టికలో 68,71,374 డాలర్ల వరకూ ఒక మొదటి రౌండ్, ఒక మూడో రౌండ్ పిక్. అది దాటి 91,61,834 వరకూ మొదటి, రెండో, మూడో రౌండ్లు ఒక్కొక్కటి. ఆపైన 1,14,52,294 దాకా రెండు మొదటి రౌండ్లు, ఒక రెండో, ఒక మూడో రౌండ్.

ఉచ్చు ఎక్కడుందంటే, పరిహారం లెక్కకు మొత్తాన్ని కాంట్రాక్టు ఏళ్లతోనో 5తోనో, ఏది తక్కువైతే దానితో భాగిస్తారు. 7 ఏళ్లకు ఏటా 70 లక్షల ఆఫర్ అనుకోండి. మొత్తం 4.9 కోట్లు, అయిదుతో భాగిస్తే 98 లక్షలు. ఏటా 70 లక్షల ఆటగాడికి రెండు మొదటి రౌండ్ పిక్‌ల ధర పడుతుంది. కాబట్టి తెలివున్న జట్టేదీ అయిదేళ్లు దాటదు.

ఆ ఆగస్టులోనే సెయింట్ లూయిస్ జట్టు ఎడ్మంటన్ కుర్రాళ్లిద్దరికి ఆఫర్ షీట్లు ఇచ్చింది. బ్రోబర్గ్‌కు ఏటా 45,80,917, హాలోవేకు 22,90,457, ఇద్దరికీ రెండేసి ఏళ్లు. ఆ అంకెలు చూడండి, పరిహారం మెట్టు అంచున డాలరు కూడా దాటకుండా కట్టినవి. ఎడ్మంటన్ ఇద్దర్నీ వదులుకుంది. మా ఆటగాడి కుటుంబం వెంటనే అడిగింది: మనకూ అలాంటిది తేలేరా? తేడా చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ ఇద్దరూ పాత జట్టు వేసుకున్న విలువకు మించిన ధరకు వెళ్లారు, జట్టు క్యాప్ నిండిపోయి ఉంది, పరిహారం కూడా చిన్నది. మా వాడు జట్టు ఎట్టి పరిస్థితిలోనూ వదలని మనిషి.

అయినా అడిగి చూశాం. క్యాప్‌లో చోటు, సొంత పిక్‌లు రెండూ ఉన్న జట్లు కొన్నే. ఒకటి అయిదేళ్లకు 68 లక్షలు అంది, సరిగ్గా మెట్టు కింద. వద్దన్నాం. పాత జట్టు గంటలో మ్యాచ్ చేసేది. మా వాడు 68 లక్షలకు అయిదేళ్లు బిగుసుకుపోయేవాడు, అందులో ఒకటి స్వేచ్ఛా సంవత్సరం. పైగా ఒక ఏడాదిపాటు అతన్ని ట్రేడ్ చేసే, అంటే వేరే జట్టుకు పంపే, వీలూ ఉండదు. వాళ్ల పని వాళ్లకు మనమే చేసిపెట్టినట్టయ్యేది.

ప్రయత్నం మూడు: క్యాంపుకు వెళ్లకపోవడం

సెప్టెంబరు మూడో వారంలో క్యాంప్ మొదలైంది, అతను రాలేదు. కాంట్రాక్టు లేనివాడు క్యాంపులో దెబ్బ తగిలించుకుంటే అడిగే నాథుడు ఉండడు, కాబట్టి రాకపోవడం మామూలే. వేరే ఊళ్లో రోజూ మంచు మీదికి దిగుతున్నాడు, కానీ ఆ సాధన ఆటకు సాటిరాదు.

ఈ దశలో ఎవరి నష్టం ఎప్పుడు మొదలవుతుందో కాగితం మీద రాసుకోవాలి. క్యాంపు రోజులకు జీతం లేదు, కాబట్టి అక్టోబరు దాకా అతనికి డబ్బు నష్టం లేదు. సీజన్ సుమారు 190 రోజులు. మొదటి మ్యాచ్ నుంచి రోజుకు 67.5 లక్షల్లో 190వ వంతు, దాదాపు 35,500 డాలర్లు పోతాయి, తిరిగి రావు. జట్టుకు గడువు డిసెంబరు 1 అని అందరూ అనుకుంటారు. క్యాప్ అంచున ఉన్న జట్టుకు అసలు గడువు మొదటి మ్యాచే. సీజన్ మధ్యలో సంతకం చేసిన ఆర్‌ఎఫ్‌ఏకు మొదటి ఏడాది క్యాప్ హిట్ (క్యాప్ లెక్కలో అతని పేర పడే మొత్తం) పెరిగి, తర్వాతి ఏళ్లలో తగ్గుతుంది. 2018లో టొరంటోకు చెందిన విలియం నైలాండర్ డిసెంబరు 1న గడువుకు నిమిషాల ముందు 6 ఏళ్లు, 4.5 కోట్లకు సంతకం పెట్టాడు. మొదటి ఏడాది క్యాప్ హిట్ కోటి దాటింది, తర్వాత ఏటా 70 లక్షల లోపే. ఈ ఏడాది చోటు లేని జట్టు ఆ ఉబ్బును మోయలేదు.

ఇంతలో ఒక విలేఖరి చేతికి అంకె వెళ్లింది: ‘5.4 కోట్లు కాదన్నాడు’. ఎవరు చెప్పారో వెతకడం దండగ. దానికి మేం మా 79 లక్షలను ఇంకో విలేఖరి ద్వారా బయటపెట్టడం మాత్రం తప్పున్నర. అప్పటిదాకా 79 అనేది కదపగలిగే అంకె. పత్రికలో పడ్డాక అది పరువైపోయింది. ఆటగాడి తండ్రి మాటల్లోనే, ‘ఇప్పుడు రెండు లక్షలు దిగినా మావాడు ఓడిపోయాడనే రాస్తారుగా?’ 2024 సెప్టెంబరు 30న బోస్టన్ జట్టు అధ్యక్షుడు తన గోల్‌కీపర్ స్వేమన్ గురించి విలేఖర్ల ముందు 6.4 కోట్ల మాట అన్నాడు. అంత మొత్తం అంతకుముందు ఎప్పుడూ ఇవ్వజూపలేదని ఏజెంటు ఖండించాడు. వారం తిరక్కముందే 8 ఏళ్లు, 6.6 కోట్లకు ఒప్పందమైంది. అంకె బయటపెట్టిన వైపు ఆ అంకె దాటి చెల్లించాల్సి వచ్చింది. మా విషయంలో ఇరువైపులా బయటపెట్టుకున్నాం, ఇరువైపులా ఇరుక్కున్నాం.

ఏది పనిచేసింది

ఏజెంటు, జనరల్ మేనేజర్ మాట్లాడుకోవడం మానేశాక రెండు వైపులా క్యాప్ లెక్కలు చూసే ఇద్దర్ని కూర్చోబెట్టారు. వాళ్లకు పరువు సమస్య లేదు. మొదటి అరగంటలోనే 67.5 ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలింది.

జట్టులో 21 మందికి కాంట్రాక్టులున్నాయి, క్యాప్‌లో మిగిలింది 76 లక్షలు. మా వాడు 22వ వాడు. ఇంకొకణ్ణి కనీస జీతానికి తీసుకుంటే 23 నిండుతుంది. ఆ ఏడు కనీస జీతం 7.75 లక్షలు. 76లోంచి 7.75 తీస్తే 68.25. గాయపడ్డవాడి బదులు ఒకణ్ణి పిలవడానికి కొంచెం మిగుల్చుకుంటే 67.5. అంతే! అది ఆటగాడి విలువ కానే కాదు, అలమరలో మిగిలిన ఖాళీ. ఆ పట్టికలన్నీ జూలైలో కూడా బహిరంగంగానే ఉన్నాయి. చోటు చేయాలంటే 25 లక్షల డిఫెన్స్‌మన్‌ను వేరే జట్టుకు అంటగట్టాలి, దానికి ఎదుటివాళ్లు రెండో రౌండ్ పిక్ అడుగుతున్నారు. జనరల్ మేనేజర్‌కు మా 11.5 లక్షల అర్థం ఏటా 11.5 లక్షలు కాదు, ఒక డిఫెన్స్‌మనూ ఒక పిక్కూ.

అక్కణ్ణుంచి మా ప్రశ్న మారింది: 67.5 ముట్టుకోకుండా ఏమేం మారగలవు? క్యాప్ హిట్ అంటే సగటు. ఏ ఏడాది ఎంత చెల్లించినా సగటు మారదు. మారేది ఈ కాంట్రాక్టు ముగిశాక జట్టు ఇవ్వాల్సిన క్వాలిఫైయింగ్ ఆఫర్.

ఒప్పందం మూడేళ్లకు, మొత్తం 2.025 కోట్లు, సగటు 67.5 లక్షలే. చెల్లింపు మాత్రం మొదటి ఏడు 54 లక్షలు, రెండో ఏడు 67.5, మూడో ఏడు 81. తదుపరి క్వాలిఫైయింగ్ ఆఫర్ చివరి ఏడాది మూల జీతం, లేదా సగటులో 120 శాతం, రెండిటిలో ఏది తక్కువైతే అది. 67.5లో 120 శాతం సరిగ్గా 81. అంతకు మించి పెట్టినా ప్రయోజనం లేదు, తగ్గిస్తే నష్టం. ఈ 120 శాతం కట్టు 2020లో వచ్చింది. అంతకుముందు శాన్ హోసేలో టీమో మైయర్ సగటు 60 లక్షలైనా చివరి ఏడాది జీతం కోటి, ఆఫర్ కూడా కోటి అయి కూర్చుంది. 2022లో డాలస్‌లో జేసన్ రాబర్ట్‌సన్ 77.5 లక్షల సగటుతో చివరి ఏడాది 93 లక్షలు పెట్టించుకున్నాడు. అదీ సరిగ్గా 120 శాతమే.

జట్టు 59, 67.5, 76 అని తిప్పికొట్టింది. మొత్తం అదే, ఆఫర్ మాత్రం 5 లక్షలు తగ్గుతుంది. ఇక్కడ సైనింగ్ బోనస్ అడగడం మానేశాం, మూడేళ్లూ అంతా మూల జీతమే. ముందే పెద్ద మొత్తం చెల్లించే అవసరం పోయినందుకు యాజమాన్యానికి అది పెద్ద రాయితీలా కనిపించింది. నిజానికి చివరి ఏడాదిలో బోనస్ మాకే చేటు, అది ఆఫర్ లెక్కలోకి రాదు కదా. మొదటి ఏళ్లలో మాత్రం కొంత వదులుకున్నాం. 81 నిలిచింది.

సంతకానికి ముందు రోజు రాత్రి ఒక లొసుగు మళ్లీ చూసుకున్నాం. జీతం పెద్దదైతే క్వాలిఫైయింగ్ ఆఫర్ బదులు జట్టే ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు, తీర్పు పాత జీతంలో 85 శాతం దాకా దిగవచ్చు. 2022లో కాల్గరీ మాథ్యూ తకాచుక్ విషయంలో ఈ దారే పట్టింది, ఆ తర్వాత అతన్ని ఫ్లోరిడాకు పంపింది. కాబట్టి మా కనీస అంకె 81 కాదు, 68.85. నాలుగో ఏడాది అంతకు దిగినా నాలుగేళ్ల మొత్తం 2.7135 కోట్లు. ఎనిమిదేళ్ల ఆఫర్‌లో మొదటి నాలుగేళ్లకు వచ్చేది 2.7 కోట్లు. చెడ్డ సందర్భంలోనూ ఆ నాలుగేళ్లకు తక్కువ రాదని తేలాకే సంతకం. సీజన్ మొదటి మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు.

పోయినవి

భద్రత పోయింది. 5.4 కోట్లు ఖాయంగా రావాల్సిన చోట 2.025 కోట్లే ఖాయం. మోకాలు విరిగితే ఈ లెక్కలన్నీ గాలికి పోతాయి. అందుకు ప్రత్యేకంగా బీమా తీసుకున్నాం, ప్రీమియం ఆటగాడి జేబులోంచే. ట్రేడ్ చేయకూడదన్న షరతు కావాలని కుటుంబం గట్టిగా అడిగింది. స్వేచ్ఛా సంవత్సరాలకు తప్ప ఆ షరతు రాయడానికి నిబంధన ఒప్పుకోదు, మూడేళ్ల కాంట్రాక్టులో అలాంటి ఏడాదే లేదు. ఈ ముక్క జూన్‌లోనే చెప్పి ఉండాల్సింది. అక్టోబరులో చెప్పేసరికి మేమేదో చేజార్చినట్టు వినిపించింది.

ఆటా కొంత పోయింది. 16 రోజుల క్యాంపు తప్పింది. మొదటి 15 మ్యాచ్‌ల్లో 5 పాయింట్లు, పవర్ ప్లే (ఎదుటి జట్టు ఆటగాడు శిక్ష మీద బయట ఉండే సమయం) మొదటి బృందంలో చోటు ఇంకొకరికి వెళ్లింది. నైలాండర్ అంతకుముందు రెండు సీజన్లలో 61 చొప్పున తెచ్చి, ఆలస్యంగా చేరిన ఏడు 54 మ్యాచ్‌ల్లో 27 దగ్గర ఆగాడు. స్వేమన్ సేవ్ శాతం (ఆపిన షాట్ల వంతు) ఆ సీజన్‌లో .892కు పడిపోయింది. క్యాంపు తప్పడమే కారణమని ఎవరూ నిరూపించలేరు. కానీ మూడేళ్ల కాంట్రాక్టులో ప్రతి సీజనూ తర్వాతి బేరానికి సాక్ష్యం, వాటిలో మొదటి సీజన్ అయిదో వంతు ఆరంభంలోనే మసకబారింది.

ఇంకోసారైతే

మొదటి సమావేశానికి పోలికల పట్టికతో వెళ్లం. ఆ జట్టు 23 మంది జాబితా, మిగిలిన చోటు, కనీస జీతాలు, ఎవరిని ట్రేడ్ చేయగలరు, దానికి ఏం పెట్టాలి, ఇవన్నీ ముందు రాసుకుంటాం. జట్టు అంకె ఆ ఖాళీకి రెండు మూడు లక్షల దగ్గర్లో ఉంటే విలువ గురించి వాదించడం ఆపేసి, మొదటి రోజే నిర్మాణం గురించి మాట్లాడతాం. పోలికలు జట్టుకు చోటు ఉండి కూడా తక్కువ చెబుతున్నప్పుడే పనికొస్తాయి. చోటున్న జట్టుతో అయితే ఇదే మూడేళ్ల ఒప్పందం తప్పు సలహా కావచ్చు. అక్కడ 82 లక్షల దాకా పోరాడవచ్చు: డెట్రాయిట్ ఆ సెప్టెంబరులోనే లూకస్ రేమండ్‌కు 8 ఏళ్లు, 80.75 లక్షలు ఇచ్చింది.

ఒక విషయంలో మాత్రం మాది తెలివి కాదు, అదృష్టం. 2024 వేసవిలో క్యాప్ ఏటా 5 శాతం పెరుగుతుందనుకుని 2027–28కి 10.19 కోట్లని లెక్కవేశాం. 2025 జనవరిలో లీగ్, ఆటగాళ్ల సంఘం ప్రకటించిన అంకెలు 9.55, 10.4, 11.35 కోట్లు. సంతకం నాటి క్యాప్‌లో అతని వాటా అయిన 7.67 శాతమే 2027–28 క్యాప్‌లో 87 లక్షలవుతుంది. మేం అడిగిన 8.98 శాతమైతే కోటీ రెండు లక్షలు. ఎనిమిదేళ్లకు ఒప్పుకుని ఉంటే 2032 దాకా 67.5 మీదే ఉండేవాడు.

మరోవైపు, 2026 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఒప్పందంలో సొంత జట్టుతోనైనా గరిష్ఠం 7 ఏళ్లే. 2027 వేసవిలో అతను మళ్లీ బల్ల దగ్గరికి వచ్చేసరికి, కాదనుకున్న ఆ ఎనిమిదో ఏడు ఎవరూ ఇవ్వలేనిది. ఆ బేరానికి ఫైలు ఇప్పుడే తెరిచాం. మొదటి పేజీలో ఆటగాడి పాయింట్లు లేవు. జట్టులో 2027లో ఎవరెవరి కాంట్రాక్టులు ముగుస్తాయో, ఎంత చోటు మిగులుతుందో ఆ పట్టిక ఉంది.